తిరగేసిన నెగెటివ్

రోజూ పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తగానే నేను చేసే మొదటి పని నన్ను నేను తుడుచుకోవడం. రోడ్డు వైపున్న అద్దాల అలమరలో, మధ్య అరలో ఉంటాను. బొటనవేలంత ఉంటాను. వెల్లకిలా తెరిచిన ఒక పెద్ద మగ చెయ్యి, ఆ అరచేతి మధ్యలో నేను. మెడ పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, కళ్ళు ఇంతలేసి చేసుకుని, ఆ చెయ్యిగల మనిషి ముఖంలోకి చూస్తున్నట్టుంటాను. ముఖం ఫోటోలో లేదు. ఉండాల్సిన పని కూడా లేదు, నా చూపు చాలు.

"గట్టిగా రుద్దకు. ఆ ఫ్రేము ఎంత పాతదో తెలుసుగా," అంటారు మా ఆయన లోపల కుర్చీలోంచి. ప్రతిరోజూ అంటారు, మొదటిసారి చెబుతున్నట్టే.

పెళ్ళి ఫోటోలు మాట్లాడుకోవడానికి వచ్చిన జంటలు ఆ అలమర ముందు తప్పకుండా ఆగుతారు. అమ్మాయి అబ్బాయిని మోచేత్తో పొడిచి, "ఎలా చూస్తోందో చూడు పాపం," అంటుంది. "నువ్వెప్పుడైనా నన్నలా చూశావా?" అంటాడు అబ్బాయి. ఇద్దరూ నవ్వుకుంటూ లోపలికొచ్చి నన్ను, "ఫోటోగ్రాఫర్‌గారు ఉన్నారా అండీ?" అని అడుగుతారు. ఆ బొటనవేలంత పిల్ల కౌంటర్ వెనక నెరిసిన జుట్టుతో నిలబడి ఉందని ఒక్కళ్ళూ పోల్చుకోరు. నేనూ చెప్పను. చెబితే నన్నూ ఫోటోనీ మార్చి మార్చి చూసి, "అయ్యో" అనుకుంటారు. ఆ అయ్యో నాకెందుకు?

ఆ ఫోటోలో ఒక తప్పుంది. నాకు ఎడమ చెంప మీద, కంటి కింద, మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. ఫోటోలో అది కుడి చెంప మీద ఉంది. నేనే అలా వచ్చేలా చేశాను, ఎందుకో చెబుతాను. కొత్తలో ఆయన ఇవాళ చూస్తారు, రేపు చూస్తారు, "ఇదేంటోయ్, నీ మచ్చ అటు పోయింది!" అని నవ్వుతారు అని ఎదురుచూశాను. తర్వాత నాకు పంతం వచ్చింది, చెప్పకూడదనుకున్నాను. ఆ తర్వాత పంతం కూడా పోయి, తలనొప్పిలా ఉండీ లేనట్టు మిగిలింది. ఫోటో పక్కనే ఫోటోలోని మనిషి పాతికేళ్ళకు పైగా తిరుగుతోంది. ఒక్కరోజు, ఒక్కసారి, పోల్చి చూడలేదు.

మొన్న ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళు ఇద్దరొచ్చారు. నేను టీ తీసుకెళ్ళేసరికి సెక్రటరీ చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. "ఈసారి ఎగ్జిబిషన్ మొత్తం ఒకటే అంశం గురువుగారూ. చిన్నదాన్ని పెద్దగా, పెద్దదాన్ని చిన్నగా చూపించే ఫోటోలు. రెండు మూడు ఫోటోలు కలిపి చేసినవి. అలాంటిదానికి మన ఊళ్ళో మీ అరచెయ్యి లేకుండా ఎలా? గుమ్మానికి ఎదురుగా, మనిషంత ఎత్తున పెడదాం. మీకు సన్మానం కూడా."

"పాత ప్రింటు పసుపు తిరిగిపోయిందయ్యా. అంత పెద్దది చెయ్యాలంటే మళ్ళీ కొత్తగా కలపాలి," అన్నారు ఆయన, కప్పు అందుకుంటూ. నా వైపు చూడలేదు. కప్పు వైపు కూడా చూడలేదు, అది ఎక్కడుంటుందో చేతికి తెలుసు.

వాళ్ళు వెళ్ళాక అన్నారు. "ఏమోయ్, ఆ నెగెటివ్‌లు ఎక్కడ దాచావో గానీ తియ్యి. స్కాన్ చేసి కలిపెయ్. కంప్యూటర్లో నీకు ఒక పూట పని."

ఒక పూట పని. ఈ మాట నా పెళ్ళికి కట్నంలా వచ్చిందేమో అనిపిస్తుంది. పాత ఫోటోలో చిరిగిపోయిన ముఖానికి ముక్కు గీసివ్వడం, గ్రూప్ ఫోటోలో కళ్ళు మూసుకున్నవాడికి కళ్ళు తెరిపించడం, చనిపోయిన తండ్రిని కూతురి పెళ్ళి ఫోటోలో నిలబెట్టడం, అన్నీ నాకు ఒక పూట పనే. ఆ పూటలోనే వంట, అత్తయ్య మందులు, ఆరేసిన బట్టలు, కరెంటు బిల్లు. అలాంటి పూటలన్నీ కలిపితే ఒక జీవితం అవుతుంది. అది కూడా ఒక పూట పనే అంటారేమో.

నెగెటివ్‌లు మా అమ్మ దారాల డబ్బాలో ఉన్నాయి. బిస్కెట్ల డబ్బా అది, మూత మీద గుర్రబ్బండి బొమ్మ సగం చెరిగిపోయింది. మూత తీయగానే మిషన్ నూనె వాసన ఇంకా వచ్చింది. వస్తుందని తెలిసీ ప్రతిసారీ ముందు వాసనే చూస్తాను.

అమ్మ ఇంట్లోనే బట్టలు కుట్టేది. మిషన్ కింద నేల మీద బోర్లా పడుకుని దారపు ఉండలతో ఊరు కట్టేదాన్ని. నిలబెట్టిన ఉండలు మేడలు, పడుకోబెట్టిన కత్తెర వంతెన, వేలికి సూది గుచ్చుకోకుండా అమ్మ తొడుక్కునే ఇత్తడి టోపీ ఆ ఊరికి నీళ్ళ ట్యాంకు. చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూస్తే చాలు, అవన్నీ నిజంగా పెద్దవైపోయేవి. ఆ మేడల మధ్య అమ్మ పాదం వచ్చి మిషన్ తొక్కుతుంటే ఊరంతా అదిరేది. "అమ్మా, నీ కాలు కొండంత ఉంది!" అని అరిచేదాన్ని. "కొండ కాదే, నొప్పి. కాస్త పట్టు," అనేది అమ్మ. నేను ఊరు వదిలేసి కాళ్ళు పట్టేదాన్ని. గుడ్డ ముక్క మీద సుద్దతో గీసిన గీత పట్టుకుని ఎలా కత్తిరించాలో, చెయ్యి కాకుండా గుడ్డని ఎలా తిప్పాలో అమ్మే నేర్పింది. ఆ చెయ్యితోనే పెళ్ళి చేసుకుని ఫోటోగ్రాఫర్ ఇంటికి వచ్చాను.

స్టూడియో వెనకే ఇల్లు. ఆ రెంటికీ మధ్య ఉన్న చిన్న స్నానాలగదిని ఆయన డార్క్‌రూమ్ చేసుకున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆ ఇంట్లో నాకు నచ్చిన ఒకే ఒక్క గది అది. తలుపు పైన ఎర్ర బల్బు వెలుగుతుంటే ఎవరూ తలుపు తట్టకూడదు, వెలుతురు పడితే కాగితాలు పాడైపోతాయి. అత్తయ్య ఇంట్లో ఏ తలుపునైనా తట్టకుండానే తోసుకుని వచ్చేది గానీ ఆ ఒక్క తలుపు జోలికి రాలేదు. నిజం చెప్పాలంటే కొన్నిసార్లు ఎర్ర బల్బు వెలుగుతూనే ఉండేది, లోపల కడగడానికి కాగితాలేమీ ఉండేవి కావు.

పని నాకు ఆయనే నేర్పారు. అది కాదనను. ట్రేలో మందునీళ్ళు ఎలా ఊపాలో, కాగితం మీద నల్లగా ముందు ఏది తేలుతుందో, ఎప్పుడు తీసెయ్యాలో, వెనక నిలబడి నా మణికట్టు పట్టుకుని చూపించేవారు. "నీ చేతికి వణుకు లేదోయ్, నాకంటే నయం," అనేవారు. ఎవరి ముందైనా అని ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించలేదు. చీకట్లో అన్నా చెవికి బాగానే ఉండేది.

ఒక వానాకాలం స్టూడియోకి ఎవరూ రావడం లేదు. ఆయన ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. టీ ఇచ్చి, నా గ్లాసు కంటి దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి చూశాను, అలవాటు కొద్దీ. "ఇందులో ఒక మనిషి ఈత కొడుతుంటే ఎలా ఉంటుంది?" అన్నాను. ఆయన నవ్వారు. నవ్వి, కెమెరా అందుకున్నారు. సాయంత్రానికి ఆయన టీ గ్లాసులో మెడదాకా మునిగి, అంచు పట్టుకుని వేలాడుతున్నారు. ఆ ఫోటో చూసి ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత అగ్గిపెట్టె మంచం మీద నేను నిద్రపోయాను. ఆయన నా చెప్పులో కూర్చుని పేపరు చదివారు. ఆ నెలంతా మేము పిల్లలం. నా జీవితంలో అంత నవ్విన నెల ఇంకొకటి లేదు. ఇప్పుడు ఆయన మీద ఎంత కోపమొచ్చినా, చెప్పులో కూర్చున్న ఆ మనిషి గుర్తొచ్చి సగం కోపం దిగిపోతుంది.

అరచెయ్యి ఆలోచన కూడా నాదే. నన్నెవరూ బలవంతంగా ఎక్కించలేదు, ప్రేమగా నేనే ఎక్కాను.

మనిషి చిన్నగా కనబడాలంటే పై నుంచి తీయాలి. లేకపోతే బొమ్మ అతికించినట్టు ఉంటుంది. అందుకని ఆయన కెమెరా పట్టుకుని మేడ మీదికెళ్ళారు, నేను పెరట్లో నిలబడ్డాను. పొద్దుటి ఎండ నా మీద పడుతోంది. మేడ వెనక నుంచి నల్లటి మబ్బు లేస్తోంది. ఆయన పిట్టగోడ మీంచి వంగి, "నా ముఖం వైపు చూడు. అలా కాదు. ఇంకా! ప్రేమగా!" అని అరుస్తున్నారు. ఆయన వెనకే తీగ మీద అత్తయ్య దుప్పట్లు. నేనే తెల్లారే లేచి చేత్తో ఉతికి, పిండి, బకెట్టు మోసుకెళ్ళి ఆరేసినవి. మొదటి చినుకు నా నుదుటి మీద పడింది. దుప్పట్లు! అనుకున్నాను. నోరు తెరుచుకుంది, కళ్ళు పెద్దవయ్యాయి. "అదీ!" అని ఆయన నొక్కారు.

పాతికేళ్ళుగా ఊరంతా మెచ్చుకుంటున్న చూపు అది. దుప్పట్లు తడిసే పోయాయి. ఆ సాయంత్రం అత్తయ్య, "ఫోటోలకి నిలబడే ఓపికుంటుంది గానీ, బట్టలు తియ్యడానికి ఉండదు," అంది. ఆయన అక్కడే ఉన్నారు. లెన్సు తుడుచుకుంటున్నారు.

ఆయన చెయ్యిని నేను తీశాను. చెయ్యి ఇవ్వాల్సిన మనిషి కెమెరా ఎలా నొక్కుతాడు? బల్ల మీద చెయ్యి చాపి కూర్చుంటే, స్టూలెక్కి పై నుంచి నొక్కాను. ఆ సంగతి కూడా ఎవరికీ తెలియదు. రెండూ ప్రింట్లు వేసి పక్కపక్కన పెడితే తేడా తెలిసింది. స్టూడియో లైటు ఆయన చేతి మీద ఒక పక్క నుంచి పడింది, పెరట్లో ఎండ నా మీద రెండో పక్క నుంచి పడింది. అలాగే అతికిస్తే చూసేవాడికి ఏదో అబద్ధమని తెలిసిపోతుంది, ఏమిటో చెప్పలేకపోయినా. "మళ్ళీ తీద్దామా?" అన్నారు ఆయన. "వద్దు, నెగెటివ్ తిరగేసి పెడితే సరి," అన్నాను. ప్రింటు వేసే ఎన్‌లార్జర్‌లో నెగెటివ్‌ని తిరగేస్తే కుడి ఎడమవుతుంది, వెలుతురు కూడా పక్క మారుతుంది. నన్ను తిరగేశాను. బ్లేడుతో నా అంచు చుట్టూ కోశాను, కాగితం వెనక గరుకు కాగితంతో రుద్ది అంచు పలచబరిచాను, ఆయన అరచేతిలో అతికించాను. పాదాల కింద సన్నటి కుంచెతో నీడ వేశాను. నీడ లేకపోతే మనిషి నిలబడినట్టుండదు, తేలుతున్నట్టుంటుంది. మొత్తం కలిపి మళ్ళీ ఫోటో తీసి, చివరి ప్రింటు ట్రేలో వేశాను. బొమ్మ తేలగానే ఆయన తడి చేతులతోనే నన్ను ఎత్తి గిర్రున తిప్పారు. నా మోచెయ్యి తగిలి నీళ్ళ ట్రే కింద పడింది. కింద మూలలో తెల్ల సిరాతో పేరు రాయాలి, నీ అక్షరాలు బాగుంటాయి రాయవోయ్ అన్నారు. 'ఫోటో' అని రాసి, పక్కన ఆయన పేరు రాశాను. ఆ రోజు నాకు అందులో తప్పేమీ కనబడలేదు.

'మనం' ఎప్పుడు 'నేను' అయిందో నాకు బాగా గుర్తు. పేపరు విలేఖరి ఒకడు వచ్చాడు. నేను లోపల పాలు పొంగకుండా చూస్తున్నాను. గోడ అవతల ఆయన గొంతు వినబడుతోంది. "ఒకరోజు వాన పడుతుంటే నాకు ఆలోచన వచ్చిందండీ, టీ గ్లాసు చూస్తుంటే." పాలు పొంగాయి. టీ పట్టుకుని వెళితే ఆ విలేఖరి ముఖం వెలిగిపోయి, "ఈవిడేనా! మీ ఆయన మిమ్మల్ని ఎంత అపురూపంగా చూసుకుంటారో ఫోటోలోనే తెలుస్తోందమ్మా," అన్నాడు. ఆయన నా వైపు చూసి నవ్వారు. మురిపెంగానే నవ్వారు. ఆ నవ్వులో దొంగతనం ఏమీ లేదు, అదే నాకు మింగుడుపడలేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు.

రాత్రి భోజనాల దగ్గర అడిగాను, టీ గ్లాసు మాట నాది కదా అని. "అబ్బ, నాదా నీదా ఏంటోయ్, మొగుడూ పెళ్ళాల మధ్య?" అన్నారు. మరి మొగుడూ పెళ్ళాల మధ్య అలాంటిదేమీ లేనప్పుడు, పేపర్లో ఒక పేరే ఎందుకు పడింది? ఇది నోటిదాకా వచ్చింది. "కూర ఇంకొంచెం వెయ్యనా?" అన్నాను. "సాయం చేస్తే సాయమే అవుతుంది, పని ఎట్లా అవుతుంది? నేనూ మీ మామయ్య కొట్లో కూర్చున్నా. నా పేరేమన్నా బోర్డు మీద రాశారా?" అంది అత్తయ్య, తన కంచంలోకి చూసుకుంటూ. అది నన్ను దెప్పడానికి అందనుకున్నాను అప్పుడు.

మా అమ్మాయికి మాటలొచ్చిన కొత్తలో ఆ ఫోటో చూపించి అడిగింది. "అమ్మ ఎందుకంత చిన్నగా ఉంది?" ఆయన దాన్ని ఎత్తుకుని, "మీ అమ్మ అంతేరా బంగారం. నాన్న పెద్ద," అన్నారు. అందరం నవ్వాం. అది ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా, "నువ్వేం చేస్తున్నావు?" అని కాక, "నాన్న ఏం చేయిస్తున్నారు నీతో?" అని అడుగుతుంది.

ఆ నెగెటివ్‌లు రెండూ స్కాన్ చేశాను. కంప్యూటర్ తెర మీద పెరటిలో నేను. ఇంకా తిరగేయని నేను. ఎడమ చెంప మీద నా మచ్చ, జడ మీద ఎండ, వెనక బావిగట్టు, బోర్లించిన బకెట్టు. ఆ పిల్లని చూస్తూ ఉండిపోయాను. ఎంత ధీమాగా నిలబడిందో! ఎవరి చేతిలోనూ లేదు. నేల మీద ఉంది, చెప్పుల్లేకుండా, తన నీడ తన పాదాల దగ్గరే పెట్టుకుని. ఏడుపొచ్చింది. ఎందుకో వెంటనే తెలియలేదు.

అప్పుడే అత్తయ్య వచ్చింది. ఆవిడకి ఈ మధ్యే కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పినప్పటి నుంచి ఇంట్లో మాకు శాంతి లేదు. గోడ మూలల్లో బూజు, నా మెడ మీద ముడతలు, కొడుకు చెవుల్లో వెంట్రుకలు, అన్నీ ఇన్నాళ్ళూ తనకి చెప్పకుండా దాచినట్టు ఒక్కొక్కటే పట్టుకుని అడుగుతోంది. కుర్చీ జరుపుకుని తెర ముందు కూర్చుంది.

"ఇది మన పెరడే కదే? అబ్బో, ఆ బకెట్టు ఎంత గట్టిదో. ఇది నువ్వా? ఎంత సన్నగా ఉండేదానివే! ఇదెప్పటిది?"

"అద్దాల అలమరలో ఫోటో ఉంది చూశారా అత్తయ్యా, ఆయన చేతిలో నేను ఉన్నది. అందులోది."

"అందులోదా?" అత్తయ్య లేచి, గోడ పట్టుకుంటూ అలమర దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు అద్దానికి ముక్కు ఆనించి చూసింది. తిరిగొచ్చింది. తెర చూసింది. మళ్ళీ వెళ్ళింది.

"అమ్మాయ్, నీ మచ్చ అందులో ఆ పక్కనుందేంటే? నా కంటికేమన్నా అయిందా?"

ఏ మాట కోసం ఇన్నేళ్ళు ఆగానో ఆ మాట. వచ్చింది మా అత్తయ్య నోట్లోంచి. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. వెలుతురు సంగతి, నెగెటివ్ తిరగెయ్యడం సంగతి, స్టూలెక్కి చెయ్యి ఫోటో తీయడం, అన్నీ చెప్పాను. పనిలో పనిగా దుప్పట్ల సంగతి కూడా చెప్పాను. అత్తయ్య నోటికి చేతులడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. "ఓసినీ! ఊరంతా వాడి ముఖం చూస్తున్నావనుకుంటోంది, నువ్వు నా దుప్పట్లు చూస్తున్నావా! ఎంత తిట్టానే ఆ రోజు!" నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆపరేషన్ అయిన కన్ను కదా, రుద్దకండి అన్నాను. మళ్ళీ తెర వైపు తిరిగింది. తర్వాత, పప్పులో ఉప్పెంత వేశావని అడిగినంత మామూలుగా అడిగింది.

"వెలుతురు ఒకవైపు రావాలంతే కదా? అయితే వాడి చెయ్యే తిప్పొచ్చుగా? నిన్నెందుకు తిప్పుకున్నావు?"

తెర మీద రెండు నెగెటివ్‌లూ పక్కపక్కన పెట్టి చూశాను.

తిప్పొచ్చు. రెండు నెగెటివ్‌లు ఉన్నాయి. ఏది తిరగేసినా పని జరుగుతుంది. చెయ్యి తిరగేస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యి అవుతుంది, అంతే, ఎవరికి నష్టం? నన్ను తిరగేస్తే నా ముఖం నా ముఖం కాకుండా పోతుంది. ఇంత తేలిక లెక్క. ఆ రోజు డార్క్‌రూమ్‌లో రెండూ నా చేతిలోనే ఉన్నాయి. ఆయన తిరగెయ్యమని అనలేదు, ఎవరూ అనలేదు. ఆయన చెయ్యి తిప్పవచ్చన్న ఆలోచన నా బుర్రలోకి రానేలేదు. ఇన్నేళ్ళూ ఆయన చూడలేదని కుమిలిపోయాను. ఆ పిల్లని తీసి తిరగేసింది నా వేళ్ళే. ఎవరు నేర్పారు ఆ వేళ్ళకి? దారపు ఉండల ఊరు వదిలేసి వచ్చి అమ్మ కాళ్ళు పట్టినప్పుడే నేర్చుకున్నానా? అమ్మని తప్పుపట్టలేను. ఆవిడకి కాళ్ళు నిజంగానే నొప్పి.

అత్తయ్య నా వీపు మీద చెయ్యి వేసి లేచి వెళ్ళింది. వెళుతూ, "పొయ్యి దగ్గర నేను చూస్తాలే. నువ్వు నీ పని చూసుకో," అంది. సాయం అనలేదు, పని అంది.

మర్నాడు మధ్యాహ్నానికి ఫోటో పూర్తయింది. కంప్యూటర్లో తిరగెయ్యడానికి చీకటిగది అక్కర్లేదు, ఒక్క నొక్కు చాలు. నన్ను కదపలేదు. ఆయన చెయ్యిని తిప్పాను. వెలుతురు చక్కగా కలిసింది. నీడ మాత్రం కొత్తగా వేశాను, నెమ్మదిగా, ఆ పాత కుంచెతో వేసినంత శ్రద్ధగా. తర్వాత కింద మూలలో తెల్లటి అక్షరాలతో 'ఫోటో' అని రాసి ఆగాను. నా పేరు రాశాను. దాని కింద ఆయన పేరు రాశాను. మా ఇద్దరి పేర్లు ఒకచోట పెళ్ళి పత్రికలో తప్ప ఎక్కడా చూడలేదు నేను. అందులోనూ రెండోది నాది.

ఆయన భోజనం చేసి వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. పళ్ళు కుట్టుకునే పుల్ల నోట్లో ఉంది. తెర వైపు చూశారో లేదో, పుల్ల తీసేశారు.

"ఇదేంటిది? నా చెయ్యి తిరగబడింది!"

"అవునా?"

"అవునా ఏంటోయ్, ఇది ఎడమ చెయ్యి! నాది కుడి కదా! ఈ బొటనవేలు చూడు, ఎటు వచ్చిందో. గాజుపలక కోసిన మచ్చ ఇక్కడ ఉండాలి," అని తన కుడి చెయ్యి తెర పక్కన చాపి చూపించారు. "ఇంత పెద్దది గుమ్మంలో పెడతారు, చూసినవాళ్ళు ఏమంటారు? అసలది నా చెయ్యే కాదంటారు!"

ఒక్క చూపు. కుర్చీలో కూర్చోకుండానే, కళ్ళజోడు పెట్టుకోకుండానే. నాకు కోపం రాలేదు, అదే విచిత్రం. మనసు తేలికయింది. నా వల్ల లోపమేమో, నా ముఖమే గుర్తుండని ముఖమేమో అని లోపలెక్కడో ఒక అనుమానం ఉండేది. ఆయనకి చూపు ఉంది. మచ్చలు కూడా బాగా కనబడతాయి.

"ఒకసారి అలమర దగ్గరికి వెళ్ళి నన్ను చూసి రండి," అన్నాను.

"ఎందుకు?"

"చూడండి చెబుతాను."

విసుక్కుంటూ వెళ్ళారు. నేను వెనక్కి తిరగలేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. లోపల అత్తయ్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది, చెవి ఇటే పెట్టి ఉంటుంది. తర్వాత చెప్పుల చప్పుడు నెమ్మదిగా వచ్చింది. ఆయన నా కుర్చీ పక్కకి వచ్చి, వంగి, ఫోటోలో కాక, నా ముఖంలోకి చూశారు. ఎడమ చెంప. ఆ చూపు చూసి ఎన్నాళ్ళయిందో. చెప్పులో కూర్చుని పేపరు చదివిన మనిషి ఒక్క క్షణం ఆ కళ్ళలో కనబడ్డాడు.

"ఇన్నేళ్ళూ... చెప్పలేదేం మరి?" అన్నారు.

"మీరు చూస్తారనుకున్నాను."

మూలనున్న పేర్ల మీద ఆయన కళ్ళు పడ్డాయి, అక్కడ ఆగాయి. కుడి చెయ్యి ముందుకు చాపి, తెర మీది చేతిని, తన చేతిని మార్చి మార్చి చూసుకున్నారు. చివరికి బతిమాలుతున్నట్టుగా అన్నారు, "అది సరే గానీ... చెయ్యి మటుకు కాస్త... నాకే నాదిలా అనిపించడం లేదోయ్."

"కొన్నాళ్ళు అలాగే ఉంటుందండీ," అన్నాను. "తర్వాత అలవాటైపోతుంది. నాకు కాలేదూ?"

ప్రింట్ నొక్కాను.